పుస్తకం అందించే చెయ్యి ఎవరిది?

మన భాషలో గ్రంథాలయం నడిపే ఉద్యోగం పేరే మగవాడిది: గ్రంథపాలకుడు. ఆ పేరు అలాగే స్థిరపడిపోతే నల్లగొండ, పాలమూరు గ్రంథాలయాలు సగం జనానికి ఎప్పటికీ పరాయివే. ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి ఆ కుర్చీలో కూర్చున్నవారు ముప్పై ఏళ్ల దాకా లేవరు. ఇవాళ లైబ్రరీ సైన్స్ తరగతిలో ఎవరు చేరుతున్నారన్నదే రేపు మన ఊళ్లో పుస్తకం ఎవరికి అందుతుందో తేలుస్తుంది.

మొన్న ఒక మండల కేంద్రంలోని గ్రంథాలయంలో కూర్చున్నాను. గడప ముందున్న చెప్పులన్నీ మగవాళ్లవే. తండా నుంచి వచ్చిన ఇంటర్ పిల్ల ఒకతె వాకిట్లో ఆగింది. పేపర్ల బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలెత్తి చూశారు. చున్నీ సర్దుకుని వెనక్కి తిరిగింది. ‘ఏం కావాలి బిడ్డా’ అని అడిగే ఒక్క ఆడమనిషి ఆ బల్ల వెనక ఉంటే ఆ పిల్ల లోపలికి వచ్చేది.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఆడవాళ్లలో అది సగానికి కూడా చేరలేదు. పైగా ఇక్కడ వినిపించేది ఒక్క భాషే కాదు. దేవరకొండ లంబాడా తండాల్లో పిల్ల అమ్మను ‘యాడి’ అని పిలుస్తుంది. అమ్రాబాద్ అడవిలో చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఉన్నాయి. పాలమూరు పట్నంలో ఉర్దూ, నారాయణపేట వైపు కన్నడ వినిపిస్తాయి. ఇన్ని నోళ్లున్న నేలకు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చిన గ్రంథపాలకులు సరిపోరు.

ఈ గడ్డకు గ్రంథాలయం కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిలబెట్టినవారిలో రావిచెట్టు రంగారావు నల్లగొండ జిల్లా బిడ్డ. ఆయన పోయాక ఆ నిలయాన్ని విరాళంతో ఆదుకున్నది భార్య లక్ష్మీనరసమ్మ. గ్రంథాలయానికి ఆడవాళ్ల సొమ్ము అందిన చరిత్ర మనది. కుర్చీ అందిన చరిత్ర కూడా రాయాలి.

ఆ చరిత్ర ఎక్కడా ఊరికే రాలేదు. 1887లో న్యూయార్క్ కొలంబియా కళాశాలలో అక్కడి గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ తొలి గ్రంథాలయ శిక్షణ తరగతి పెట్టి ఆడవాళ్లను చేర్చుకుంటే, కళాశాల పెద్దలు గది ఇచ్చేది లేదన్నారు. సామాన్ల గదిలో పాఠాలు జరిగాయి. ఇరవై మందిలో పదిహేడు మంది స్త్రీలు. ఆడవాళ్లు అలా వృత్తిలోకి వచ్చినా నల్లజాతి వారికి దారి ఇరుకుగానే మిగిలింది. అందుకే అమెరికా గ్రంథాలయ సంఘం 1997లో వృత్తిలో తక్కువగా కనిపించే జాతుల విద్యార్థుల కోసం స్పెక్ట్రమ్ స్కాలర్‌షిప్ తెచ్చింది. ఒక తలుపు తెరిస్తే రెండోది దానంతటదే తెరుచుకోదు.

మనకు రిజర్వేషన్లున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, ఉండాలి. కానీ గ్రంథపాలకుల కోర్సు బీఎల్ఐఎస్సీ డిగ్రీ తర్వాతి చదువు. డిగ్రీ లోపే పెళ్లి పీటలెక్కిన పిల్లకు రోస్టర్ పాయింట్ ఏం చేస్తుంది? రిజర్వేషన్ మాట పక్కన పెట్టినా పన్ను లెక్క ఉంది. 2018లో వందల తండాలు పంచాయతీలయ్యాయి. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను తండా ఇల్లూ కడుతుంది. పన్ను కట్టినచోట బిడ్డకు కుర్చీ అడిగే హక్కుంది.

ఇంకో ప్రమాదం పొంచి ఉంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటుతున్న పిల్లలకు దారి చెప్పేవాళ్లు ఉండరు. ‘కాలేజీకి రానక్కర్లేదు, సర్టిఫికెట్ ఇంటికొస్తుంది’ అనే దళారి మాట అలాంటివాళ్ల దగ్గరే చెల్లుతుంది. పిల్లలారా, దూరవిద్యలో చేరేముందు ఆ విశ్వవిద్యాలయానికీ ఆ కోర్సుకూ ఆ ఏటికి యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకోండి. చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. 1982లో నాగార్జునసాగర్‌లో ప్రారంభమైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం లాంటి ప్రభుత్వ సంస్థలనే ముందు వాకబు చేయండి.

జిల్లా గ్రంథాలయ సంస్థలు చేయాల్సింది స్పష్టం. పన్ను సొమ్ములోంచి ఏటా కొందరు తండా, చెంచు, దళిత, ముస్లిం ఆడపిల్లలకు బీఎల్ఐఎస్సీ ఫీజు కట్టడానికి సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. శిక్షణలో కనీసం నెల రోజులు తండాలో, ఉర్దూ బస్తీలో పని చేయించాలి. ప్రతి శాఖలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టాలి. తరగతిలో ఏ వర్గం వారు ఎందరున్నారో, ఆడపిల్లలెందరో విశ్వవిద్యాలయాలు ఏటేటా ప్రకటించాలి.

డిగ్రీ కాలేజీ అధ్యాపకులకు చివరి మాట. మీ చివరి బెంచీలో ఒక తండా పిల్ల ఉంటుంది. ఈ ఏటి ప్రవేశాల గడువు దాటకముందే ఆమెను పిలిచి దరఖాస్తు నింపించండి. గడప దగ్గర ఆగిపోయే పిల్లను రేపు లోపలికి పిలిచేది ఆమే.