గడప దాటి వచ్చిన బ్యాటరీ

భౌతికశాస్త్రం తెలుగులో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది, సెల్‌ను మన పుస్తకాలు విద్యుత్ ఘటం అనేవి. ఘటమంటే కుండ. నీళ్ళ కుండ ఇంట్లో ఎక్కడుండాలో మన అమ్మమ్మలకు తెలుసు. ఈ కొత్త ఘటాన్ని ఎక్కడ ఉంచాలో మాత్రం మనకెవరూ సరిగా చెప్పలేదు.

2022 ఏప్రిల్ 20 తెల్లవారుజామున నిజామాబాదులో, ఇంటి హాల్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఎనభయ్యేళ్ళ వృద్ధుడు కన్నుమూశారు. మూడు రోజులకే విజయవాడలో, పడకగదిలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు. ఆ బండి కొన్నది ముందురోజే! అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మందిని బలిగొన్నది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "రాత్రంతా పెట్టి పడుకుంటే పేలదా మరి?" అనే మాట వినబడుతుంది. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. బ్యాటరీని ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోవచ్చునన్నది బండి అమ్మేటప్పుడు గొప్పగా చెప్పే సదుపాయం. రెండు గదుల ఇంట్లో ఆ సదుపాయం మంచం పక్కకే చేరుతుంది. దాన్ని వాడుకున్నవాడిదే తప్పనడం న్యాయం కాదు.

ప్రమాదం ఎలా పుడుతుందో చూడండి. లిథియం ఘటంలో రెండు ధ్రువాల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. తయారీ లోపం వల్లనో, దెబ్బ తగలడం వల్లనో, మితిమీరిన ఛార్జింగు వల్లనో అది చెడితే వేడి పుడుతుంది. ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తూ పక్క ఘటానికి పాకుతుంది. అప్పుడు దుప్పటి కప్పి ఆర్పబోవడం వృథా. అందరూ బయటపడి 101కి ఫోన్ చేయడమే మార్గం. కనుక బ్యాటరీ ఎన్నడూ మనకూ వాకిలికీ మధ్య ఉండరాదు.

మన నల్లగొండ, పాలమూరు ఎండలతో మరో చిక్కు. చాలా లిథియం ఘటాలను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయరాదు. మే నెల మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చిన బండిలో బ్యాటరీ గాలికన్నా వేడిగానే ఉంటుంది. ఎండకు భయపడి రాత్రికి వాయిదా వేస్తాం, రాత్రి నిద్రపోతాం. బండిని నీడన చల్లబరచి, సాయంత్రం వసారాలో, దానితో వచ్చిన ఛార్జరుతోనే పెట్టి, పడుకునేముందు తీసేయడం మేలు.

అయితే జాగ్రత్త భారమంతా మనమే మోయాలా? 2022 ప్రమాదాల తరువాత కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాన్ని కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 తేదీలలో రెండు దశలుగా అమలులోకి తెచ్చింది. మంచిదే. కానీ గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్లలోపు తేలిక బండ్లకు రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కరలేదు. బడిపిల్లలూ ముసలివారూ ఎక్కేది తరచుగా వాటినే. వాటి బ్యాటరీలకూ, మరమ్మతు దుకాణంలో మార్చి వేసే బ్యాటరీలకూ అంతే గట్టి పరీక్ష ఉండాలి.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం ఘటాల కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. ప్రకటించిన పెట్టుబడి 9,500 కోట్ల రూపాయలు. వలసలకు పేరుపడిన పాలమూరుకు ఇది సంతోషించవలసిన సంగతి. ఘటాలు తయారుచేసే నేలకు వాటిని భద్రంగా వాడే విద్య కూడా రావద్దా? బండితోపాటు తెలుగులో ఒక్క పేజీ సూచనలు, అపార్టుమెంటు బయట ఒక ఛార్జింగు చోటు... ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు.

నేను విద్యుత్ బండికి వ్యతిరేకిని కాను. అది మన వీధుల్లోకి రావలసిందే. పడకగదిలోకి మాత్రం వద్దంటాను. మీరేమంటారు?