వోచరు లేని పద్దులు

ఉగాది నాడు మా హెబ్బగోడి కాలనీలో పచ్చడి పంచుతుంటే, తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు నన్ను నిలదీశాడు. "అంకుల్, మీ చెవుల మీద ఆ వెంట్రుకలు ఎందుకున్నాయి? వాటివల్ల ఉపయోగమేమిటి?" మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను బి.కాం. వాణ్ణి. ప్రతి పద్దుకూ ఒక వోచరు ఉండి తీరాలని ముప్ఫై ఏళ్ళుగా నమ్ముతున్నవాణ్ణి. దుమ్ము పడకుండా అని ఏదో చెప్పబోయి, ఆగిపోయాను.

ఈ చెవి వెంట్రుకల మీద మన తెలుగువాడే పరిశోధన చేశాడంటే నమ్ముతారా? ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆంధ్ర కుటుంబాలను పరిశీలించి, ఇది తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోము మీదుగా వస్తుందని 1960లో రాశారు. 2004లో దక్షిణాది మగవాళ్ళ వై క్రోమోజోములు పరీక్షించి చూస్తే ఆ లెక్క కుదరలేదు. సరే, అది ఎలా వచ్చినా దానికో ప్రయోజనం ఉండాలనేముంది?

ప్రయోజనం ఉన్నవి లేకపోలేదు. కృష్ణారావు గారి గురువు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన మహానుభావుడు. కొన్ని రక్త దోషాలు మలేరియా ఉన్న ప్రాంతాల్లోనే ఎక్కువగా ఉండడం ఊరికే కాదని ఆయన 1949లోనే అనుమానించారు. సికిల్ సెల్ విషయంలో అది నిజమేనని 1954లో ఆలిసన్ అనే శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే బిడ్డకు జబ్బు. ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. మన విశాఖ ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ అది నిలిచి ఉండడానికి కారణం ఇదే. దీన్నే ప్రకృతి వరణం అంటారు. ఇది వోచరు ఉన్న పద్దు.

ఇప్పుడు రెండో రకం. మా వీధిలో ఉండే మిత్రుడొకరు నెల్లూరు వైపు వైశ్యులు. ఆయన బావమరిదికి చిన్న ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ బాగానే అయింది, కుర్రాడు మాత్రం ఊపిరి తీసుకోడు! గంటల తరబడి వెంటిలేటరు మీదే ఉంచారు. బయట ఆయన చెల్లెలి ముఖం చూడలేకపోయామన్నారు. చివరికి తేలిందేమిటంటే, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైము అతని రక్తంలో లేదట. మనకు నిమిషాల్లో దిగిపోయే మందు అతనికి గంటలు పట్టింది. ఆ లోపం వల్ల రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ లేదు. ఆ మందు పడేదాకా తెలియనే తెలియదు.

ఆ జన్యువులో వైశ్యుల్లో కనిపించే మార్పును 2006లో గుర్తించారు. దీనికి ప్రయోజనం వెతికితే దొరకదు. ఏదైనా మేలు ఉంటే, అదే ఊళ్ళో అదే నీళ్ళు తాగే ఇరుగుపొరుగు కులాల్లోనూ పెరగాలి కదా! సికిల్ సెల్ అలాగే ఎన్నో తెగల్లో ఉంది. ఇది మాత్రం ఒకే సముదాయంలో అంత ఎక్కువ. ఇది కేవలం కాకతాళీయం. దీన్ని జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు.

నేను ఆ కుర్రాడికి గోళీలతో చూపించాను. సంచీలో వంద గోళీలుంటే అందులో రెండు ఎర్రవి. గుప్పెడు తీస్తే, ఆ పదింట్లో ఒక ఎర్రది రావచ్చు. నూటికి రెండున్నది పదికి ఒకటైపోయింది! ఇక ఆ పదింటి నుంచే లక్షలు తయారైతే, బయటి గోళీ ఒక్కటీ కలవకపోతే, ఎరుపు అలాగే ఉండిపోతుంది. హైదరాబాదు సి.సి.ఎం.బి. తంగరాజ్ గారు, హార్వర్డ్ డేవిడ్ రైక్ గారు మరికొందరితో కలిసి 2017లో చెప్పిందీ ఇదే. ముప్ఫై లక్షలకు పైబడిన వైశ్యులు ఒకప్పటి కొద్దిమంది సంతానం. ఒక్క ఈ పద్దే కాదు, లెడ్జరులో పేజీలకు పేజీలే కలుస్తున్నాయి. గోత్రం మార్చి సంబంధం చేసుకున్నా మూలం ఆ కొద్దిమందే.

714 గోత్రాల్లో 102 గోత్రాలే మిగిలాయన్న పెనుగొండ కన్యకాపరమేశ్వరి కథ గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది. అయితే తొందరపడకూడదు. రైక్ గారి లెక్క ప్రకారం ఆ ఇరుకు రెండు మూడు వేల ఏళ్ళ కిందటిది, కథాకాలం అంత పాతది కాదు.

మా మిత్రుడి ఇంట్లో అందరూ రక్తపరీక్ష చేయించుకున్నారు. ఆయన చెల్లెలికీ ఆ లోపం ఉన్నట్టు తేలింది. బావమరిది ఇప్పుడు పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఒక చీటీ పెట్టుకు తిరుగుతున్నాడు. ఆ మందు పేరు రాసి, నాకు ఇవ్వవద్దు అని ఇంగ్లీషులోనూ, కన్నడంలోనూ రాయించాడు.