పొగ పోయి పొట్ట వచ్చిందా? రానివ్వండి!

"సిగరెట్లు మానేశాక మావారు బాగా ఒళ్ళు చేశారు. తాగే రోజుల్లోనే నయం, సన్నగా రివటలా ఉండేవారు."

పెళ్ళిళ్ళలోనూ, పేరంటాల్లోనూ ఈ మాట ఎంతమంది ఇల్లాళ్ళ నోట విన్నానో లెక్కలేదు. నవ్వుతూ అనే మాటే, కాదనను. కానీ పక్కనున్న శ్రీవారికి అది నవ్వులాట కాదు. ఆర్నెల్లుగా పళ్ళబిగువున అణచుకుంటున్న కోరికకి అదొక మంచి సాకు. "మా ఆవిడే అంటోంది, మానకపోతేనే బాగుండేదని" అనుకుంటూ మర్నాటికల్లా కిళ్ళీకొట్టు ముందు తేలతారు. ఇక అక్కణ్ణుంచి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

అందుకే నా అభిప్రాయం సూటిగానే చెప్పేస్తాను. పొగ మానిన చాలామందికి బరువు పెరగడం నిజం. "అబ్బే, అదంతా అపోహ" అని బుకాయించి లాభం లేదు. అయితే ఆ బరువుని వేలెత్తి చూపి మాటలనడం మాత్రం పెద్ద పొరపాటు. ముందు ఇంట్లోంచి పొగ పోనివ్వండి. పొట్ట సంగతి ఆ తర్వాత చూసుకుందాం.

ఇంతకీ బరువెందుకు పెరుగుతుంది? పొగాకులోని నికోటిన్ ఆకలిని చంపుతుంది. అంతేకాదు, గుండెను, ఒంటిని ఊరికే పరుగులు పెట్టించి, రోజుకో పెట్టె కాల్చేవారిలో సుమారు రెండు వందల కేలరీల దాకా అదనంగా ఖర్చు చేయిస్తుంది. మానేయగానే ఆ పరుగు ఆగుతుంది, చచ్చిన ఆకలి లేస్తుంది. నాలుకకి రుచి, ముక్కుకి వాసన తిరిగొస్తాయి. ఇరవయ్యేళ్ళుగా "ఏదో ఒకటి పెట్టు" అన్న మనిషి "ఇవాళ పప్పుచారు అదిరింది" అంటూ మూడోసారి అన్నం వడ్డించుకుంటాడు. దానికి తోడు చేతికి పనుండదు, నోటికి పనుండదు. జంతికల డబ్బా ఎదురుగా ఉంటుంది. ఇంకేం కావాలి!

ఎంత పెరుగుతారు అంటారా? అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూసి 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక లెక్క ప్రచురించింది. మందులేవీ వాడకుండా పొగ మానినవారు ఏడాదిలో సగటున నాలుగున్నర కిలోలకు కాస్త పైన పెరిగారట. అందులో సగానికి మించి మొదటి మూడు నెలల్లోనే వచ్చింది. అందరి ఒళ్ళూ ఒకలా ఉండదు కదా! వందలో పదహారు మంది బరువు తగ్గారు కూడా. పదమూడు మంది మాత్రం పది కిలోలు దాటారు.

"ఊబకాయం వస్తే షుగరు రాదా?" అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అమెరికాలో వైద్యవృత్తుల్లో ఉన్న స్త్రీ పురుషులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. పొగ మాని బరువు పెరిగినవారిలో మధుమేహం వచ్చే ప్రమాదం కొంతకాలం ఎక్కువగా ఉండి, అయిదారేళ్ళ తర్వాత తగ్గుముఖం పట్టిందని అది తేల్చింది. కాబట్టి అజాగ్రత్త పనికిరాదు. కానీ అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. ఎంత బరువు పెరిగినా సరే, మానినవారిలో మరణాలు, పొగ కాలుస్తూనే ఉన్నవారిలో కంటే తక్కువ. నాలుగు కిలోల్ని నడిచి కరిగించుకోవచ్చు. పాడైన ఊపిరితిత్తిని ఏ నడకా తిరిగి తెచ్చివ్వదు.

ఇంతవరకూ శ్రీవారి గురించే మాట్లాడాను. కానీ ఈ విషయంలో అసలు చిక్కు ఆడవాళ్ళది. మన దేశంలో 2016-17లో జరిగిన ప్రభుత్వ సర్వే ప్రకారం పొగ తాగే మగవారు నూటికి 19 మంది, ఆడవారు ఇద్దరు. ఇద్దరే కదా అని కొట్టిపారేయకండి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలూ అమ్మమ్మలూ ఆ లెక్కలోని వారే. ఆ వేడికి అంగిలి మాడి పుండ్లు పడి, కాన్సరుకి దారితీస్తుందని డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. నగరంలో రాత్రి డ్యూటీలు చేస్తూ ఆఫీసు మెట్లకింద సిగరెట్టు వెలిగించే అమ్మాయిలూ ఆ లెక్కలోని వారే.

వీళ్ళలో కొందరు పొగని వదలకపోవడానికి కారణం లావెక్కుతామన్న భయమే. ఆ భయం దానంతటది పుట్టింది కాదు, దాంతో వ్యాపారం చేసినవాళ్ళున్నారు. 1928 ప్రాంతంలో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్ల కంపెనీ, మిఠాయి బదులు సిగరెట్టు అందుకోమని ఆడవాళ్ళకి ప్రకటనలిచ్చింది. 1968లో ఇంకో కంపెనీ ఏకంగా 'స్లిమ్స్' అని పేరు పెట్టి ఆడవాళ్ళ కోసమే సిగరెట్టు తెచ్చింది. నాజూకుతనం ఆశ చూపి జబ్బుని అంటగట్టడమంటే ఇదే!

పైగా మగవాడు నాలుగు కిలోలు పెరిగితే "కాస్త నిండుగా ఉన్నాడు" అంటారు. అదే ఆడది పెరిగితే "ఇదేంటే, ఇలా అయిపోయావ్? తిండి తగ్గించు" అంటారు. ఆయన సిగరెట్టు మానితే ఊరంతా భేష్ అంటుంది. ఆమె తాగినట్టు ఎవరికీ తెలియదు గనుక మానినట్టూ తెలియదు. మెచ్చుకునే నోరు ఒక్కటీ ఉండదు, లావయ్యావని దెప్పే నోళ్ళు మాత్రం పది ఉంటాయి. ఎందుకు లావయ్యానో చెప్పుకోలేక, ఆ దెప్పులు భరించలేక మళ్ళీ అగ్గిపెట్టె తీసే ఆడపిల్లని తప్పుపట్టే హక్కు మనకుందా? ఎవరినైనా చూడగానే "లావయ్యావే" అని పలకరించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ముందు దాన్ని మానుకుందాం. ఎదుటి మనిషి ఏ యుద్ధం గెలిచి వచ్చిందో మనకేం తెలుసు?

సరే, మరి బరువు సంగతి? పెద్ద కష్టమేం కాదు. మొదటి కొన్ని వారాలు కడుపు మాడ్చుకోవద్దు. ఆకలికీ పొగ కోరికకీ తేడా తెలియని రోజులవి. పస్తులుంటే చెయ్యి తిన్నగా సిగరెట్టు మీదికే పోతుంది. వేళకి తినాలి. కాకపోతే అన్నం ఓ గరిటె తగ్గించి కూర, పప్పు పెంచాలి. నోరు ఊరుకోనప్పుడు కీరా ముక్కలు, జామకాయ, ఓ గుప్పెడు వేయించిన శనగలు, వాము వేసిన పల్చటి మజ్జిగ చాలు. భోజనం కాగానే సోంపు. అంతేగానీ సిగరెట్టు బదులని ఖైనీ, గుట్కా, వక్కపొడుల జోలికి పోతే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. టీ తాగగానే పొగ గుర్తొచ్చేవాళ్ళు కొన్నాళ్ళు టీలు తగ్గించి చూడాలి. చక్కెరా దాంతోపాటే తగ్గుతుంది.

రోజూ ముప్పావుగంట చురుగ్గా నడిస్తే, సిగరెట్లు ఖర్చుచేయించిన ఆ రెండు వందల కేలరీలు ఇంచుమించు ఖర్చయిపోతాయి. కోరిక పుట్టినప్పుడు లేచి నాలుగడుగులు వేసినా ఆ ఘడియ గడిచిపోతుంది. తూకం వారానికొకసారి చాలు. నడుం చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకుంటే మేలు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు మానిన సంగతి డాక్టరుకి చెప్పి పరీక్షలు చేయించుకోవాలి. నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి వాడితే పొగ మానడం తేలికవుతుంది, బరువు పెరగడమూ కొంత వెనక్కి జరుగుతుంది. సిగరెట్టు పెట్టెల మీద 2018 నుంచి అచ్చేస్తున్న 1800-11-2356 నంబరుకి ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

చివరిగా ఒక్క మాట. ఇదంతా మళ్ళీ ఇల్లాలి నెత్తికే చుట్టకండి. ఆయన మానాలన్నా ఆవిడే కాపలా, ఆయన లావెక్కినా "ఏం పెడుతున్నావే వాడికి?" అని అత్తగారి ఆరా ఆవిడకే! కీరాకాయ తరుక్కోవడానికీ, మజ్జిగ కలుపుకోవడానికీ శ్రీవారికీ చేతులున్నాయి. సిగరెట్టు వెలిగించుకున్న చేతులే కదా అవి! నడకకి మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళండి. రోజంతా పొయ్యిముందు నిలబడే మీకూ ఆ గాలి అవసరమే.

ప్యాంటు బిగుతైతే దర్జీ కుట్లు విప్పి వదులు చేస్తాడు. ఇంట్లో మనిషి దగ్గు లేకుండా నిద్రపోతున్నాడా, పసిపిల్ల ముక్కుకి పొగ తగలకుండా ఉందా, అది చూసుకోండి ముందు.