దుబాసీకి మూట కట్టేదెవరు?

పిల్లలూ! మా ఉయ్యూరు నుంచి దూరపు ఊరికి ఆవకాయ జాడీ పంపాలనుకోండి. పచ్చడి రుచిగా ఉంటే చాలదు. మూత బిగించాలి, వాసెన కట్టాలి, చిరునామా రాయాలి. దారిలో నూనె ఒలికిపోతే, కలిపిన చేతి గొప్పతనం ఎవరికి తెలుస్తుంది? కంప్యూటర్ ప్రోగ్రాముల సంగతీ ఇంతే.

పూర్వం బందరు రేవులో దొరలకూ మనవాళ్ళకూ మధ్య దుబాసీలు ఉండేవారు. ఒకరి మాట విని, వెంటనే రెండోవారికి చెప్పేవారు. కంప్యూటర్‌లో ఇంటర్‌ప్రిటర్ చేసేది దాదాపు అదే పని. మనం రాసిన ఆదేశాలను యంత్రం చేత అప్పటికప్పుడు చేయిస్తుంది. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన ‘లువా’ భాషకు ఉన్న ఇంటర్‌ప్రిటర్ చాలా చిన్నది. దాని మూల ప్రోగ్రామంతా కుదించి కడితే 400 కిలోబైట్ల లోపే!

ఇంత చిన్నదాన్ని పంచడానికి వేరే మనిషి ఎందుకు? నేనూ అలాగే అనుకున్నాను. ఎక్కాలను తెలుగులో చూపే ప్రోగ్రాము ఒకటి లువాలో రాశాను. ఇంట్లో చక్కగా నడిచింది. బడిలో పిల్లల ముందు పెడితే అక్షరాల బదులు డబ్బాలు కనిపించాయి! ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదు. తప్పు యంత్రానిది కాదు, నాది. ఏమేం కావాలో నేను ఎక్కడా రాసిపెట్టలేదు.

‘డెబియన్’ అనే లినక్స్ పంపిణీలో ఈ పనిని స్వచ్ఛందంగా చేసేవారున్నారు. ప్రోగ్రాము పేరేమిటి, ఎన్నో రూపం, దేనిమీద ఆధారపడింది, లైసెన్సు ఏమిటి అన్నీ రాసి ప్యాకేజీ కడతారు. అప్పుడు కావలసినవాటిని కంప్యూటరే తెచ్చుకుంటుంది. లువాకూ అక్కడ ప్యాకేజీ ఉంది, మన పోతన, వేమన ఫాంట్లకూ ఉంది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో లినక్స్‌ను అందించిందంటే, దాని వెనుక ఇలా మూటలు కట్టిన చేతులు ఎన్నో ఉన్నాయి.

మన బడుల్లో చప్పట్లన్నీ ప్రోగ్రాము రాసినవారికే. నన్నడిగితే, సగం మార్కులు మూట కట్టడానికి ఇవ్వాలంటాను. సైన్సు ప్రయోగానికి నియమం ఏమిటి? మరొకరు, మరొకచోట చేసినా అదే ఫలితం రావాలి. “నా కంప్యూటర్‌లో నడిచింది” అనడం రుజువు కాదు.

ఈసారి మీరొక ప్రోగ్రాము రాస్తే, దానికి కావలసినవన్నీ కాగితం మీద రాసి, పక్క ఊరి స్నేహితుడికి పంపండి. మీరు దగ్గర లేకుండా అది నడిచిందా? అప్పుడే మీ పని పూర్తయినట్లు!