బడి పరువా, పిల్ల ప్రాణమా?

మన కొండల్లో ఇద్దరు తల్లిదండ్రులు కలిస్తే జీడిపిక్కల ధర తర్వాత వచ్చే మాట బడి గురించే. సంతలో అదే మాట, ఆటోలో అదే మాట. "మీ గుంటని ఎక్కడ వేసినారు?" "సర్కారు హాస్టల్లో ఉంచితే భద్రమేనా?" "అప్పు చేసైనా కాన్వెంటులో వేస్తే మంచిది కాదేటి?" సీతంపేట నుంచి సాలూరు దాకా ఎక్కడికి వెళ్ళినా ఇదే చర్చ.

ఈ చర్చ వద్దని మేము అనడం లేదు. పిల్లను కన్నవాళ్ళు భయపడతారు, అడుగుతారు, అడగాలి కూడా. అయితే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఈ బడిలో నా పిల్ల క్షేమంగా ఉంటుందా అన్నది ఒక ప్రశ్న. ఈ బడికి మంచి పేరుందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది ప్రాణం సంగతి, రెండోది పరువు సంగతి. రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన పిల్లలకు రెండు వైపులా నష్టం జరుగుతోంది. బడి లోపలున్న పెద్దలు పరువు కోసం జబ్బును దాస్తున్నారు. బడి బయటున్న పెద్దలు పరువు చూసి పిల్లల్ని తరలిస్తున్నారు. మధ్యలో భద్రత గురించి అడిగేవాళ్ళు లేకుండా పోతున్నారు.

2025 దసరా రోజులు గుర్తు చేసుకుందాం. కురుపాం గిరిజన సంక్షేమ బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వ్యాపించాయి. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. వందకు పైగా పిల్లలు జబ్బుపడ్డారు. పార్వతీపురం ఆసుపత్రి చాలక విశాఖ కేజీహెచ్ దాకా తీసుకెళ్ళారు. జబ్బు హెపటైటిస్-ఎ అని వైద్యులు తేల్చారు. ఆ వార్త రాగానే కొండ మీద ప్రతి ఇంట్లో పుట్టిన ప్రశ్న ఒక్కటే: మన పిల్ల ఎలా ఉంది?

హెపటైటిస్-ఎ గురించి ప్రతి ఉపాధ్యాయుడికీ, ప్రతి తల్లికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. అది కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తుంది. వైరస్ ఒంట్లోకి చేరాక జబ్బు బయటపడడానికి రెండు నుంచి ఏడు వారాలు పట్టవచ్చు. కళ్ళు పచ్చబడక ముందే ఆ పిల్ల నుంచి ఇంకో పిల్లకు అంటుకుంటుంది. అంటే, ఒక పిల్ల కళ్ళు పచ్చబడ్డాయని మనం గుర్తించే సరికి ఆ గదిలో ఎందరికో అంటి ఉండవచ్చు. కాబట్టి మొదటి పిల్లకు జ్వరం వచ్చి అన్నం సయించనప్పుడే పుస్తకంలో రాయాలి, పైవాళ్ళకు తెలియజేయాలి, నీళ్ళు పరీక్షకు పంపాలి. మొదటి వారం మౌనంగా ఉంటే రెండో నెలలో ఆసుపత్రి మంచాలు చాలవు. వందల మంది పిల్లలు ఒకే ట్యాంకు నీళ్ళు తాగి, ఒకే వరసలో పళ్ళేలు కడుక్కునే చోట మౌనం జబ్బుకంటే ప్రమాదం.

ఈ మౌనం ఎక్కడి నుంచి వస్తోంది? పరువు నుంచే. ఆశ్రమ బడుల్లో పనిచేసే మాకు ఈ మాటలు బాగా తెలుసు. "ఇప్పుడే పైకి చెప్పకండి, బడికి చెడ్డపేరు వస్తుంది." "రెండు రోజులు చూద్దాం, తగ్గిపోతుంది." "వాళ్ళ నాన్నకు కబురు పెట్టండి, తీసుకుపోతాడు." చివరి మాట అన్నిటికంటే చెడ్డది. జ్వరంతో ఉన్న పిల్లను తండ్రి చేతిలో పెట్టి పంపేస్తే బడి లెక్కలో జబ్బు ఉండదు. ఆ తండ్రి దగ్గర ఆటో డబ్బులుండవు. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయిస్తాడు. మూడో రోజున పిల్ల పడిపోతే డోలీ కట్టి కిందికి దింపుతారు. ఏదైనా జరిగితే "ఇంటి దగ్గర జరిగింది" అని రాసుకుంటారు. బడి పరువు నిలిచింది. పిల్ల నిలవలేదు.

జబ్బే కాదు. ఆడపిల్ల మీద ఎవడైనా చెయ్యి వేస్తే ముందు వినిపించేది కూడా ఇదే మాట: "బయటికి పొక్కితే బడి పేరు పోతుంది, పిల్ల పేరు పోతుంది." 2012 నాటి పోక్సో చట్టం దీనికి ఎదురు మాట చెబుతోంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. కింద పనిచేసేవాళ్ళు చేసిన నేరాన్ని సంస్థ పెద్దగా ఉన్న మనిషి దాచిపెడితే ఏడాది దాకా జైలు. బడి పరువు కాపాడామని చెప్పుకోవడం చట్టం దృష్టిలో సమర్థన కాదు. ఈ సంగతి ప్రతి హాస్టల్ గోడ మీదా, 1098 నంబరు పక్కనే, పిల్లలకు కనబడేలా రాసి ఉండాలి.

ఇక బడి బయటి పరువు సంగతి చూద్దాం. "ఆశ్రమ బడా? అక్కడ చదువేముంది" అనే మాటను మొదట అన్నది మనం కాదు. మైదానం మన గురించి అనుకునే మాటే అది. కొండోళ్ళ బడి కాబట్టి తక్కువది అన్నారు, మనమూ తలూపాం. సర్కారే ఆ మాటకు ముద్ర వేసింది. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లల కోసం ఒక పథకం పెట్టి కొందరిని సర్కారు ఖర్చుతో ప్రైవేటు బడుల్లో చేర్పించారు. దాని పేరు బెస్ట్ అవైలబుల్ స్కూల్స్. అంటే దొరికే వాటిలో మంచివి. ఆ పేరే చెప్పేస్తోంది, సర్కారు దృష్టిలో సొంత బడి మంచిది కాదని. సొంత వంట తినలేక పక్కింట్లో భోజనం చేసేవాడు తన వంటను ఎప్పటికి బాగుచేసుకుంటాడు?

ప్రైవేటు బడికి పేరు ఎలా వస్తుందో కూడా చూడాలి. మార్కులు వచ్చిన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీ మీద తాగునీటి పరీక్ష ఫలితం ఉండదు. రాత్రి హాస్టల్లో ఎంత మంది పిల్లలకు ఎంత మంది పెద్దలున్నారో ఉండదు. జీడితోట మీద వచ్చిన డబ్బంతా జూన్‌లో ఫీజుకు పోతుంది. మిగతాది అప్పు. అప్పుచేసి చేర్పించిన బడిలో ప్రశ్న అడగడానికి మనకు నోరు రాదు. పిల్లను తీసేస్తారేమో, కట్టిన డబ్బు పోతుందేమో అని భయం. సర్కారు బడిలో అన్నం బాగోలేదంటే ఐటీడీఏ ముందు ధర్నాకు కూర్చోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టవచ్చు. ప్రైవేటు హాస్టల్ గేటు ముందు మనకు ఉన్నది కాపలావాడి జాలి ఒక్కటే. ప్రైవేటులో చేర్పించినవాళ్ళను మేము తప్పుపట్టడం లేదు. అక్కడ కూడా నీళ్ళ గురించి, రాత్రి గురించి అడిగారా అని మాత్రమే అడుగుతున్నాం. అడగలేదంటే కొన్నది భద్రతను కాదు, పేరును.

పేరు చూసి వెళ్ళిపోయేది ఎవరు? ఉద్యోగం వచ్చినవాళ్ళు, కాస్త భూమి ఉన్నవాళ్ళు, అధికారితో మాట్లాడగలిగినవాళ్ళు. మిగిలేది ఎవరు? పోడు తప్ప మరో ఆధారం లేనివాళ్ళు, తెలుగులో దరఖాస్తు రాయలేనివాళ్ళు. నోరున్నవాళ్ళు వెళ్ళిపోయిన బడిలో పైపు పగిలితే ఎవరు అడుగుతారు? ఇలా పేరు చెడడం వల్ల భద్రత పోతుంది, భద్రత పోవడం వల్ల పేరు ఇంకా చెడుతుంది.

మా తోటి ఉపాధ్యాయులు కొందరు మాకు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. "జబ్బు సంగతి బయటపెడితే తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోతారు. పిల్లలు తగ్గారని బడిని ఇంకోదాంట్లో కలిపేస్తారు. పైగా పైపు వేయించనివాడు బాగానే ఉంటాడు, జ్వరం గురించి చెప్పిన వార్డెన్ సస్పెండ్ అవుతాడు. ఎందుకు చెప్పాలి?" ఇది పిరికి ప్రశ్న కాదు, అనుభవంతో వచ్చిన ప్రశ్న. ప్రతి దుర్ఘటన తర్వాతా కింది ఉద్యోగి మీద వేటు వేసి ఫైలు మూయడం మనం చూస్తున్నదే. అందుకే మా డిమాండ్లలో ఇదీ ఒకటి: చెప్పినవాడిని శిక్షించకూడదు, దాచినవాడిని వదలకూడదు. ముప్పై మందికి జ్వరం అని రాసిన పుస్తకం చెడ్డ బడికి గుర్తు కాదు. వర్షాకాలం నాలుగు నెలలూ ఒక్క జ్వరం కూడా లేదని చూపించే పుస్తకాన్ని చూసి భయపడాలి. మలేరియా తిరిగే ఈ కొండల్లో అలాంటి పుస్తకం అబద్ధమే.

భద్రతలో భాష కూడా ఉంది. ఒక సవర పిల్లకు అర్ధరాత్రి కడుపులో నొప్పి వస్తుంది. ఎక్కడ, ఎలా, ఎప్పటి నుంచి అని అడిగితే తెలుగులో చెప్పలేదు. ఏడుస్తుంది, లేదంటే ముడుచుకుని పడుకుంటుంది. ఆమె మాట తెలిసిన మనిషి ఆ కప్పు కింద ఒకరు ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పాలా? 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ తీర్పును అందరూ ఉద్యోగాల లెక్కలోనే చూశారు. మేము దాన్ని రాత్రి హాస్టల్లో ఏడ్చే పిల్ల పక్క నుంచి చూడమంటున్నాం. స్థానిక నియామకాలకు చట్టబద్ధమైన దారి వెతకడం ప్రభుత్వం పని. అది తేలే దాకా ప్రతి హాస్టల్లోనూ పిల్లల భాష వచ్చిన ఆడమనిషి ఒకరిని రాత్రిపూట ఉంచడానికి ఏ తీర్పూ అడ్డు కాదు.

బయటివాళ్ళు వద్దన్నది మా మాట కాదు. ఏటా ఆగస్టు 29న మన బడులన్నిటిలో గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తాం, తెలుగు గురించి ఉపన్యాసం చెబుతాం. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడనీ, సవర పిల్లలకు బడులు పెట్టాడనీ, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడనీ చెప్పడం మాత్రం మర్చిపోతాం. ఆయన బయటివాడే. భాష నేర్చుకున్నాడు కాబట్టి మనవాడయ్యాడు. ఆ పని ఈనాటి ఉపాధ్యాయుడికి ఎందుకు కష్టం?

మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? బడికి వెళ్ళినప్పుడు "పేరెలా ఉంది" అనే ప్రశ్నను గేటు బయటే వదిలి ఈ ప్రశ్నలు అడగండి. మంచినీళ్ళు చివరిసారి ఏ తేదీన పరీక్షించారు, ఫలితం ఏ గోడ మీద రాశారు? జ్వరాల పుస్తకం ఏది, ఈ వారం అందులో ఎవరి పేర్లున్నాయి? ఏఎన్ఎం ఉందా, రాత్రి ఉంటుందా? మరుగుదొడ్లు ఎన్ని పనిచేస్తున్నాయి, అక్కడ నీళ్ళూ సబ్బూ ఉన్నాయా? అర్ధరాత్రి పిల్లకు ప్రాణం మీదికి వస్తే ఏ బండి వస్తుంది, ఎవరు వెంట వెళ్తారు, మాకు ఎవరు ఫోన్ చేస్తారు?

విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది, మన పిల్ల పదో తరగతి దాకా ఆ హాస్టల్లోనే పడుకుంటుంది. కాబట్టి కమిటీ పదో తరగతి దాకా ఉండాలని, పగటి బడినే కాదు, రాత్రి హాస్టల్‌ను కూడా చూడాలని అడగాలి. సమావేశం అధికారికి వీలైన రోజున కాదు, మనం కిందికి దిగే సంత రోజున పెట్టమనాలి. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి చేత సంతకం పెట్టించుకుని పంపేస్తే అది కమిటీ కాదు.

చదువుకున్న యువకులకు ఒక మాట. డిగ్రీ చేసి ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ కమిటీలోకి వెళ్ళే తల్లి పక్కన మీరు కూర్చోండి. ఆమె మాటను తెలుగులో రాసి పెట్టండి. 2005 సమాచార హక్కు చట్టం కింద మామూలు సమాచారానికి ముప్పై రోజులు గడువు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే నలభై ఎనిమిది గంటల్లో ఇవ్వాలి. పిల్లలు తాగే నీళ్ళు ప్రాణానికి సంబంధించినవే అని దరఖాస్తులో రాసి అడగండి. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్ళండి.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట శ్రీకాకుళం నుంచి, కురుపాం విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. కలెక్టరు దగ్గరయ్యాడు అన్నారు. దగ్గరైన కలెక్టరును అడగడానికి మనం దగ్గర కావాలి. మన బడులు మనవి. వాటి స్థలం మన ఊళ్ళది, వాటి పిల్లలు మన పిల్లలు. వాటిని వదిలి పారిపోవడం కంటే, వాటి పరువు కోసం నోరు మూసుకోవడం కంటే, మూడో పని ఒకటుంది. లోపలికి వెళ్ళి పుస్తకం తెరిపించడం. ఏ బడి తన జ్వరాల పుస్తకాన్ని తల్లి ముందు భయం లేకుండా తెరుస్తుందో అదే మంచి బడి. పేరు దాని వెనకే వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు, పిల్ల బతికి ఉంటుంది.