రేకు పెట్టెలో రెండు తలల పాము



హాస్టల్లో చదివిన వాళ్ళకు రేకు పెట్టె గురించి చెప్పనక్కర లేదు. పుస్తకాలు, పండక్కి కొన్న చొక్కా, అమ్మ కట్టిచ్చిన ఊరగాయ, సోపు, అన్నీ అందులోనే. తాళంచెవి మొలతాడులో. మా గదిలో ఒక పెట్టెలో మాత్రం పన్నెండు రోజులు పాము వుండింది. పదమూడో రోజు లేదు. ప్రతి సంవత్సరమూ ఈ సంచికలో ర్యాంకులు, ఆటల పోటీలు, చదువు విలువ గురించి కవితలు వేసుకుంటాము. ఈసారి పాము గురించి రాయాలని మా గది వాళ్ళమంతా కూర్చుని అనుకున్నాము. తప్పు మాది, కాబట్టి రాసే పని కూడా మాదే.

దసరా సెలవులకు ఊరికి పోయిన మా తమ్ముడొకడు, చెనక్కాయ చెట్లు పెరికేటప్పుడు దొరికిందని ఒక పామును బెల్లం డబ్బాలో పెట్టుకొని తెచ్చినాడు. మట్టి రంగు, మూరెడు పొడవు, బొటనవేలంత లావు. తోక మొండిగా వుంటుంది. అందుకే దాన్ని రెండు తలల పాము అంటారు. "దీనికి లక్షలిస్తారంటన్నా. మా నాయన అప్పు తీరిపోతాది" అన్నాడు. ఆ మాటకు మేము నవ్వలేదు. అట్లాంటి అప్పులు మా అందరి ఇండ్లలోనూ వుండాయి.

ఆ లక్షల మాట నమ్మి మన రాయలసీమలోనూ బయటా ఎంతో మంది కేసుల్లో ఇరుక్కున్నారు. ఆ పాము ఇంట్లో వుంటే అదృష్టమని ఒకడు, మందుకు పనికొస్తుందని ఒకడు చెప్తాడు. రెండూ అబద్ధమే. దానికి వుండేది ఒకటే తల. మొండి తోకను తలలాగా చూపించి శత్రువును ఏమార్చడం దాని ఉపాయం. అమ్మేవాళ్ళు తోక మీద వాత పెట్టి కండ్లు వచ్చేటట్టు చేస్తారు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన నేల మీది ఇట్లాంటి పాములను పట్టి పెట్టుకున్నా, అమ్మినా నేరమే. పట్టణాల్లో డబ్బున్న వాళ్ళు విదేశీ కొండచిలువలు పెంచుకుంటారు కదా అని మాలో ఒకడు వాదించినాడు. నిజమే. అయితే వాటిలో చాలా రకాలకు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. బెల్లం డబ్బాకు అట్లాంటిదేమీ లేదు.

నిజం చెప్పాలంటే నాలుగు రోజులకే లక్షల సంగతి మరిచిపోయినాము. దాని మీద ఇష్టం పుట్టింది. చేతి మీద పెట్టుకుంటే మెల్లగా చుట్టుకునేది. కరవలేదు, బుస కొట్టలేదు. స్టడీ అవర్ అయిపోగానే పెట్టె చుట్టూ చేరేవాళ్ళము. గ్లాసులో పాలు పోస్తే ముట్టలేదు. పాము పాలు తాగదని తర్వాత తెలిసింది. మెస్సులో ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు మా తమ్ముడు తినకుండా దాచి దాని ముందర పెట్టినాడు. అదీ ముట్టలేదు. అది తినేది ఎలుకలను, చిన్న జంతువులను. పన్నెండు రోజులు పస్తుంది ఆ జీవి. మేమేమో ప్రేమగా చూసుకుంటున్నామని అనుకున్నాము.

పదమూడో రోజు పొద్దున తాళం వేసింది వేసినట్టే వుంది. చొక్కా మడత కూడా చెదరలేదు. పెట్టె అడుగు మూల తుప్పు పట్టి రెండు వేళ్ళు పట్టేంత సందు వుంది. దాన్ని మేమెవరమూ చూడలేదు, పాము చూసింది.

ఇక్కడి నుంచి రాయడానికి సిగ్గుగా వుంది. మేము ఎవరికీ చెప్పలేదు. చెప్తే టీసీ ఇచ్చి పంపేస్తారని భయం. ఇంటికి పోతే నాయన ముఖం ఎట్లా చూడాలని భయం. ఆ రాత్రి గదిలో వున్న నాలుగు మంచాల మీద ఇద్దరు, ముగ్గురు చొప్పున ఎక్కి కూర్చున్నాము. పక్క హాలులో చిన్న తరగతుల పిల్లలు చాపల మీద, నేల మీద పడుకున్నారు. వాళ్ళకు ఒక్క మాట చెప్పలేదు. విషం లేని పామే కదా అని మాకు మేము సమాధానం చెప్పుకున్నాము. విషం లేదని మాకు ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు. అది కరవలేదు కాబట్టి విషం లేదనుకున్నాము, అంతే.

తప్పించుకున్న పామును వెతికే పద్ధతి మాలో ఒకడికి తెలుసు. వాడు యానాది పిల్లోడు, వాళ్ళ తాత ఎలుకలు పట్టడానికి పోయి పాముల జాడ చూసేవాడంట. "పాము నడిమింట్లో పోదు, గోడ వారన పోతాది. చీకటిగా, వెచ్చగా వుండే సందు చూసుకుంటాది. వాకిలి కాడ మెత్తటి పిండి చల్లితే గీత పడతాది" అన్నాడు. వంటక్క దగ్గరికి పోయి ముగ్గుపిండి అడిగితే "పండగ లేదు, పబ్బం లేదు, మీకు ముగ్గెందుకు రా?" అనింది. ఏదో చెప్పి తెచ్చినాము. అన్ని గుమ్మాల దగ్గరా చల్లినాము. మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రి తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే రెండు గీతలు. ఒకటి లావుగా, వంటగది సామాన్ల గది వైపు. అది మనదే. ఇంకొకటి సన్నగా, వంకర్లు వంకర్లుగా, స్నానాల గదుల వైపు నుంచి వరండాలోకి. దాన్ని మేము పెంచలేదు.

ఆ సన్న గీత చూసినాక నోరు మూసుకొని వుండడం మా వల్ల కాలేదు. వాచ్‌మన్ తాతకు చెప్పినాము, తాత వార్డెను గారికి చెప్పినాడు. సార్ వచ్చి అడిగిన మొదటి మాట, "ఎవరినైనా కరిసిందా?" తిట్లు తర్వాత పడినాయి, చాలానే పడినాయి. టీసీ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆ మొదటి మాట అడుగుతారని ముందే తెలిసి వుంటే మేము రెండు రాత్రులు దాచేవాళ్ళము కాదు.

అటవీ శాఖకు ఫోను చేస్తే పాములు పట్టే అన్న వచ్చినాడు. మన వైపు ఈ పని కొత్తది కాదు. తిరుమల కొండ మీద టీటీడీ అటవీ విభాగంలో పనిచేసిన భాస్కర్ నాయుడు గారు వేల పాములను పట్టి అడవిలో వదిలిపెట్టిన సంగతి తిరుపతిలో అందరికీ తెలుసు. ఈ అన్న బియ్యం మూటలు ఒక్కొక్కటే జరిపి, గోడ మూల నుంచి మా పామును బయటికి తీసినాడు. పొట్ట ఉబ్బి వుంది. మా దగ్గర పస్తున్నది అక్కడ ఎలుకను తినింది. తర్వాత ఆయన వరండా చివర విరిగిన మంచాలు కుప్ప పోసిన చోటికి పోయి, కింద నుంచి ఒక కుబుసం తీసినాడు. నడుము మీద వరసగా వున్న పొలుసులు పక్క పొలుసుల కంటే పెద్దవిగా వుండడం చూపించి, "ఇది కట్లపాముది. మీరు వెతకాల్సింది దీన్ని" అన్నాడు. ఆ పాము దొరకలేదు.

ఇంకొక మాట కూడా చెప్పినాడు. రెండు తలల పాము జాతిలోనే మచ్చలుండే రకం ఒకటుంది. రక్తపింజర పిల్లను చూసి అదేననుకొని చేత్తో పట్టిన వాళ్ళు వున్నారంట. మా తమ్ముడు చేలో పట్టింది మట్టి రంగు పాము కావడం వాడి అదృష్టం, మా అదృష్టం.

మిత్రులారా, ఈ కథ చెప్పింది మా అభిప్రాయం చెప్పడానికి. పామును ఎవరూ పెంచవద్దు అనేది అందరూ ఒప్పుకునే మాటే. ఒప్పుకోని వాళ్ళు అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి అడవుల సంగతి విని వుండాలి. పెంపకం నుంచి తప్పించుకున్నవి, యజమానులు వదిలేసినవి అయిన కొండచిలువలు అక్కడ సంతతి పెంచి, చిన్న జంతువులను ఖాళీ చేస్తున్నాయి. కానీ మేము అడిగేది వేరు. పెట్టెలోని పాము ఒక్కటే. పెట్టె బయట మనం పెంచుతున్న పాములు ఎన్ని? వంటగది వెనక మిగిలిన అన్నం పారబోస్తాము. దానికి ఎలుకలు వస్తాయి. ఎలుకలకు పాములు వస్తాయి. విరిగిన మంచాలు బాగు చేయించకుండా కుప్ప వేస్తాము, పాముకు ఇల్లు తయారు. తలుపు కింద రెండంగుళాల సందు. స్నానాల గది దారిలో బల్బు లేదు. మంచాలు చాలక పిల్లలు నేల మీద పడుకుంటారు. కట్లపాము రాత్రి పూట తిరుగుతుంది, కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, పొద్దున కడుపు నొప్పి అంటాడు పిల్లోడు, రెప్పలు వాలిపోతాయి. 2022 మార్చిలో విజయనగరం జిల్లా కురుపాంలోని బీసీ గురుకులంలో నిద్రపోతున్న ముగ్గురు పిల్లలను పాము కరిస్తే ఒకరు చనిపోయినారు. వాళ్ళెవరూ పామును పెంచలేదు.

దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. చనిపోయేది ఎక్కువగా పల్లెటూరి వాళ్ళు, చేలో పనిచేసే వాళ్ళు. అంటే మన ఇంటి వాళ్ళే. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రణాళిక మన తలుపు కింద సందు దాకా వచ్చేదెప్పుడు?

పామును ఎట్లా వుంచాలో తెలిసిన వాళ్ళు లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి నడుస్తోంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, ఇసుక పోసిన మట్టి కుండల్లో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, కొన్ని వారాల పాటు విషం తీసి మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు మందు తయారు చేస్తారు. ఆ సమాజం నుంచి వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మా యానాది మిత్రుడు ఈ సంగతి విని "మా తాత కూడా ఇంతే తెలిసినోడు, ఆయన్ని ఎవరూ అడగలేదు" అన్నాడు. ముగ్గుపిండి ఉపాయం చెప్పింది వాడే కాబట్టి మేము కాదనలేదు.

ఎవరికైనా కాటు పడితే చేయాల్సింది మా గది గోడ మీద చార్టు రాసి అంటించినాము. గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంత్రగాడి దగ్గరికి పోకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108కి ఫోను చేయాలి, విరుగుడు మందున్న ఆసుపత్రికి పోవాలి. తిరుపతి వాళ్ళకు రుయా, చిత్తూరు వాళ్ళకు జిల్లా ఆసుపత్రి. పామును వెతికి చంపుతూ టైము పోగొట్టవద్దు.

పూర్వ విద్యార్థులైన అన్నలు ప్రతి వార్షికోత్సవానికీ ఏదో ఒకటి ఇస్తారు. పోయినసారి గోడ గడియారం ఇచ్చినారు, అంతకు ముందు షీల్డులు. కోపగించుకోవద్దన్నా, ఈసారి షీల్డులు వద్దు. విరిగిన మంచాలు ఇరవై మూడున్నాయి. వెల్డింగు చేయించండి. దోమతెరలు ఇవ్వండి, పరుపు కిందికి చెక్కి కట్టుకుంటే పాము కూడా రాదు. తలుపుల కింద కొట్టడానికి రబ్బరు పట్టీలు, గదికొక టార్చి. అన్నం పారబోసే గుంత తవ్వి మూత పెట్టే పని మేమే చేస్తాము, ఆదివారాలు మొదలు పెట్టినాము కూడా.

మా తమ్ముడు ఇప్పుడు పదో తరగతి. వాళ్ళ నాయన అప్పు ఇంకా తీరలేదు. పామును ఆ అన్న శేషాచలం అడవి అంచున వదిలేటప్పుడు వాడిని కూడా బండి మీద తీసుకుపోయినాడు. వచ్చి వాడు చెప్పింది ఒకటే మాట: "వదిలినాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదన్నా." ఆ రేకు పెట్టె మూలకు రేకు ముక్క కొట్టించినాము. ఇప్పుడు అందులో వాడి లెక్కల నోట్సు వుంది.