వాళ్ళకి ఖర్చు మీద లాభం, మనకి ఖర్చు మీద ఉపన్యాసం

మొన్న మద్దతు ధర మీద నేను పెట్టిన పోస్టు కింద ఒక పెద్దమనిషి, బాగా చదువుకున్నవాడే, ఇలా రాశాడు: "ఖర్చు ఎంతయితే అంతా లెక్కగట్టి, దాని మీద లాభం కలిపి ఇవ్వడం ప్రపంచంలో ఎక్కడా ఉండదండీ. అలా ఇస్తే ఎవడూ ఒళ్ళు వంచడు. మార్కెట్టు పాడైపోతుంది." ఆయనకి అక్కడే రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ మాట టీవీ చర్చల్లో వింటున్నాం, సదస్సుల్లో వింటున్నాం, ఆఖరికి మన సొసైటీ అరుగు మీద కూడా వింటున్నాం. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి. దీనికోసం ఒకసారి అమెరికా దాకా వెళ్ళి రావాలి.

అక్కడ వర్జీనియా రాష్ట్రంలో బూజ్ అలెన్ హామిల్టన్ అని ఒక కంపెనీ ఉంది. 1914లో మొదలైంది. ఇది ట్రాక్టర్లు చెయ్యదు, మందులు చెయ్యదు. ప్రభుత్వానికి సలహాలు చెప్పడం, కంప్యూటర్ పనులు చేసిపెట్టడం, సైన్యానికీ గూఢచారి శాఖలకీ మనుషుల్ని పెట్టి పని చేయించడం, ఇదే దాని వ్యాపారం. 2013లో అమెరికా రహస్యాలు బయటపెట్టి రష్యాలో తలదాచుకున్న స్నోడెన్ పేరు వినే ఉంటారు. అతను ఆ పని చేసింది ఈ కంపెనీ ఉద్యోగిగా ఉండగానే. వీళ్ళ ఆదాయంలో నూటికి 98 వంతులు అమెరికా ప్రభుత్వం నుంచే వస్తుంది. అంటే పేరుకి ప్రైవేటు కంపెనీ, తినేది మాత్రం సర్కారు కంచంలో. షేర్ మార్కెట్లో ఉంది కాబట్టి మూడు నెలలకోసారి లెక్క జనం ముందు పెట్టి తీరాలి. ఆ లెక్క ఎవరైనా చదువుకోవచ్చు. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకే అర్థమయిందంటే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

2025 మే 23న వాళ్ళు జనవరి నుంచి మార్చి దాకా లెక్క చెప్పారు. ఆ మూడు నెలల ఆదాయం 297 కోట్ల డాలర్లు. డాలరుకి 85 రూపాయలు వేసుకుంటే 25 వేల కోట్ల పైమాటే. ముందటి ఏడాది అవే మూడు నెలల కంటే 7 శాతం ఎక్కువ. మార్చితో ముగిసిన ఏడాది మొత్తానికి దగ్గర దగ్గర 1,200 కోట్ల డాలర్ల ఆదాయం, 93 కోట్ల పైన నికర లాభం. చేతిలో ఉన్న ఆర్డర్ల విలువ 3,700 కోట్ల డాలర్లని చెప్పుకున్నారు. రూపాయల్లోకి మారిస్తే 3 లక్షల 14 వేల కోట్లు. మన ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్టు 3 లక్షల 22 వేల కోట్లు. ఒక రాష్ట్రమంతా ఏడాదికి పెట్టే ఖర్చంత ఆర్డర్లు ఒక సలహాల కంపెనీ పుస్తకంలో ఉన్నాయన్నమాట.

అయితే ఆర్డర్ల లెక్క చూసి కళ్ళు తేలెయ్యకండి. అందులో ప్రభుత్వం ఇప్పటికి డబ్బు కేటాయించింది కొంచెమే. పెద్ద భాగం "వచ్చే ఏళ్ళలో మాకు అవసరమైతే మీ చేతే చేయిస్తాం" అనే రకం. కోతలకి ముందు చేను గట్టు మీదకొచ్చి "మీ ధాన్యం నాకేనండోయ్" అని చెప్పి వెళ్ళే దళారి మాట గుర్తు చేసుకోండి, దాదాపు అలాంటిదే.

అదే రోజున ఇంకో మాట కూడా చెప్పారు. ఉద్యోగుల్లో 2,500 మంది దాకా తీసేస్తున్నామని. నూటికి ఏడుగురు. దాంతో షేరు ఒక్క రోజులో 16 శాతం పడింది. కారణం ఏమిటంటే 2025 జనవరిలో వచ్చిన ట్రంప్ ప్రభుత్వం సలహాదార్ల కాంట్రాక్టుల మీద కత్తి పెట్టింది. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు పదింటిని పిలిచి, మీరు చేసే పని ఏమిటో మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసివ్వండి అని అడిగింది. జులై నుంచి సెప్టెంబరు దాకా లెక్క వచ్చేసరికి ఆదాయం ముందటి ఏడాది కంటే 8 శాతం తగ్గింది. కాబట్టి వాళ్ళకి కష్టాలు లేవని నేను అనను. ఉద్యోగం పోయిన ఇంట్లో ఏడుపు ఎక్కడైనా ఏడుపే. కానీ అదే మే నెలలో వాటాదార్లకి షేరుకి 55 సెంట్ల డివిడెండు ప్రకటించారు, అది ఆగలేదు. ఇంకోటి చూడండి, అక్కడ తగ్గింది పని. చేసేసిన పనికి "నీ ఖర్చుతో నాకు సంబంధం లేదు, ఇవాళ రేటు ఇంతే, ఇష్టమైతే దింపు లేకపోతే తోలుకుపో" అని ఎవరూ అనలేదు.

ఎందుకు అనలేదో చెబుతాను, ఈ పోస్టు రాసింది దీనికోసమే. బూజ్ అలెన్ ఆదాయంలో సగానికి పైగా వచ్చేది ఒక రకం కాంట్రాక్టుల నుంచి. వాటిల్లో ముందుగా ధర ఉండదు. పని చేస్తూ ఎంత ఖర్చయితే అంత ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, దాని పైన కొంత ఫీజు కలిపి ఇస్తుంది. ఖర్చు ప్లస్ లాభం. మనం అడిగితే ప్రపంచంలో ఎక్కడా లేదన్నది అదే. ప్రపంచంలోకెల్లా మార్కెట్టు మంత్రం ఎక్కువగా చదివే దేశంలో, చట్టం రాసి, రూల్స్ పుస్తకం అచ్చేసి మరీ నడిపిస్తున్నారు.

ఆ రూల్స్‌లో ఖర్చు కింద ఏమేం రాసుకోవచ్చో చూస్తే మనకి నోట మాట రాదు. జీతాలు, ఆఫీసు అద్దె, కరెంటు, సామాను అరుగుదల, పై అధికారుల జీతాల్లో వాటా, అన్నీ. ఒక్కో ఉద్యోగి జీతభత్యాల కింద ప్రభుత్వానికి వెయ్యగలిగిన ఖర్చుకి ఒక హద్దు పెట్టారు. ఆ హద్దు 2024లో ఏడాదికి 6 లక్షల 46 వేల డాలర్లు, అంటే అయిదు కోట్ల రూపాయల పైన. హద్దే అంత! ఇంకా ఉంది. సొంత భవనాల్లో, స్థలాల్లో, సామానులో కంపెనీ పెట్టిన పెట్టుబడికి ప్రభుత్వం ప్రకటించిన రేటు ప్రకారం వడ్డీ కట్టుకుని దాన్ని కూడా ఖర్చుగా చూపించొచ్చు. ఎవరికీ కట్టని వడ్డీ అది. కాగితం మీద లెక్కగట్టిన వడ్డీ. (బ్యాంకుకి నిజంగా కట్టిన అప్పు వడ్డీ మాత్రం ఒప్పుకోరు, ఆ మాట కూడా చెప్పాలి కదా.) బిల్లు సరిగ్గా ఉంటే మామూలుగా 30 రోజుల్లో డబ్బు పడాలి. ఆలస్యమైతే ప్రభుత్వమే వడ్డీ కట్టాలని 1982 నుంచి చట్టం ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2025-26 ఖరీఫ్‌కి సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. కేంద్రం లెక్కలో ఖర్చు 1,579. దానికి సగం కలపండి, 2,368 రూపాయల 50 పైసలు వస్తుంది. అర్ధరూపాయి కలిపి మనకి పండగ చేశారు. ఇక "ఖర్చు మీద 50 శాతం లాభం ఇచ్చేశాం కదా" అంటారు. ఆ 1,579లో ఏముందో ఎవరూ చెప్పరు. విత్తనాలు, ఎరువులు, కూలీలు, దమ్ము, కోత మిషను లాంటి చేతి ఖర్చులు, ఇంట్లోవాళ్ళు చేసిన పనికి కూలి రేటు, అంతే. సొంత పొలానికి కౌలు విలువ అందులో లేదు. బోరు, మోటారు, ట్రాక్టరు మీద మనం పెట్టిన సొంత డబ్బుకి వడ్డీ లేదు. ఆ రెండూ కలిపితే వచ్చే లెక్కనే సీ2 అంటారు, రైతు సంఘాలు అడుగుతున్నది దాని మీద సగం.

కౌలు రైతు కట్టిన కౌలు ఖర్చులో ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఆ 1,579 దేశమంతటి సగటు. సొంత పొలం చేసుకునేవాళ్ళని, కౌలే కట్టనివాళ్ళని అందరినీ ఒకే గంగాళంలో వేసి కలిపారు. డెల్టాలో బస్తాల లెక్కన కౌలు కొలిచేవాడి బాధ ఆ నీళ్ళల్లో కలిసిపోయింది.

బూజ్ అలెన్ తన సొంత ఆస్తి మీద పెట్టిన డబ్బుకి వడ్డీ వేసుకుంటే అది "ఖర్చు". మీరూ నేనూ అదే వేసుకుంటే అది "అత్యాశ". 2006లో స్వామినాథన్ కమిషన్ ఖర్చు మీద కనీసం 50 శాతం ఎక్కువ ఇవ్వమని చెప్పింది. 2015లో సుప్రీంకోర్టులో కేంద్రం, అలా ఇస్తే మార్కెట్టు వక్రమైపోతుందని రాసిచ్చింది. మరి అమెరికా మార్కెట్టు ఇన్నేళ్ళుగా వక్రం కాకుండా ఎలా ఉందో ఆ పెద్దమనిషి సెలవివ్వాలి.

ఆయన ఏమంటాడో కూడా నాకు తెలుసు. "అక్కడ ఫీజు మామూలుగా 10 శాతం దాటకూడదని చట్టం ఉంది, మీరు 50 అడుగుతున్నారు" అంటాడు. నిజమే, 10 శాతం హద్దు ఉంది. కానీ ఆ 10 శాతం తుపాను వస్తే కొట్టుకుపోదు. నెల నెలా బిల్లు పెట్టి నెల నెలా తెచ్చుకునే 10 శాతం అది. మనం జూన్‌లో నారు పోసి డిసెంబరులో ధాన్యం అమ్ముతాం. మధ్యలో ముంపు, దోమ, తేమ శాతం, సంచుల కొరత, ఇన్ని దాటాలి. అదృష్టం బాగుంటే వచ్చే 50, అన్ని కష్టాలూ మనమే మోస్తే వచ్చే 50. పైగా ఆ 50 అయినా ఎంతమందికి? మద్దతు ధరకి ప్రభుత్వ సంస్థలకి అమ్ముకోగలిగేది దేశంలో నూటికి ఆరుగురు రైతులేనని 2015లో శాంతకుమార్ కమిటీయే రాసింది. ఆరుగురే కాబట్టి కొనుగోళ్ళు తగ్గించండి అని సలహా ఇచ్చింది, అది వేరే విడ్డూరం.

ఇంకో మాట అంటారు, రైతుకి ఖర్చు ప్లస్ ఇస్తే దొంగ లెక్కలు రాస్తాడని. సరే, దొంగ లెక్కల సంగతి కూడా చూద్దాం. 2023 జులైలో బూజ్ అలెన్ అమెరికా ప్రభుత్వానికి 37 కోట్ల 74 లక్షల డాలర్లు కట్టి ఒక కేసు రాజీ చేసుకుంది. ఆరోపణ ఏమిటంటే ప్రైవేటు కంపెనీలకీ విదేశాలకీ చేసిన పనుల ఖర్చుల్లో కొంత దాదాపు పదేళ్ళ పాటు అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల మీదకి తోసేశారని. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. తప్పు చేశామని ఒప్పుకోలేదు, డబ్బు కట్టారు. విషయం బయటపెట్టింది లోపల పనిచేసిన ఒక ఉద్యోగిని. ఆమెకి చట్టప్రకారం బహుమానంగా 7 కోట్ల డాలర్ల దాకా ఇచ్చారు. ఇంత జరిగాక ఆ కంపెనీకి పనులివ్వడం మానేశారా? రెండేళ్ళు తిరగకుండా 3,700 కోట్ల ఆర్డర్లు చేతిలో ఉన్నాయని పైన చదివారు కదా. ఇక్కడ ఈ-క్రాప్‌లో సెంటు తేడా వస్తే మన ధాన్యం కొనరు.

అక్కడివాళ్ళ గొడవ మనకెందుకంటారా? సలహాల వ్యాపారం మన గుమ్మం తొక్కి పాతికేళ్ళు దాటింది. 1999లో మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ సాయంతో విజన్ 2020 తయారైంది. వ్యవసాయం మీద బతికేవాళ్ళు నూటికి 70 మంది ఉన్నారు, 40కి తగ్గాలని అందులో లెక్క. 2001లో మెదక్ జిల్లా ఆల్గోల్‌లో ప్రజాతీర్పు పేరుతో చిన్న సన్నకారు రైతులని జూరీగా కూర్చోబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్ళే, దళితులే. అన్నీ విని, మమ్మల్ని భూమి నుంచి కదిలించే ఈ 70 నుంచి 40 లెక్కకి మేం ఒప్పుకోం అని తీర్పు చెప్పారు. సలహాకి ఫీజు ఉంటుంది. తీర్పుకి ఫీజు లేదు కాబట్టి ఎవరూ వినలేదు.

బూజ్ అలెన్‌ని ఇంత తిట్టినా దానికి ఒక దండం పెట్టాలి. కనీసం మూడు నెలలకోసారి లెక్క చెబుతుంది. మన ప్రభుత్వాలకి పనిచేసే పెద్ద సలహా సంస్థలు చాలావరకు షేర్ మార్కెట్లో లేవు, వాళ్ళ మూడు నెలల లెక్క మనకి ఎక్కడా దొరకదు. వడ్డించేవాడు మనవాడో కాదో తెలియాలంటే ముందు ఎవడు వడ్డిస్తున్నాడో తెలియాలి కదా.

అందుకని ఒక పని పెట్టుకుందాం. సమాచార హక్కు చట్టం 2005 మనకి ఉంది. మన ఆంధ్రాలో ఊరి స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. వ్యవసాయ శాఖ కమిషనర్ కార్యాలయం పౌర సమాచార అధికారికి తెల్ల కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాయండి. గత అయిదేళ్ళలో శాఖ ఏయే కన్సల్టెన్సీలతో ఒప్పందాలు చేసుకుంది, ఒక్కోదానికి ఎంత కట్టింది. ఒక్కో సలహాదారుకి నెలకి ఎంత చొప్పున లెక్కగట్టింది. బిల్లు పెట్టిన ఎన్నాళ్ళకి డబ్బు చెల్లించింది. వాళ్ళు ఇచ్చిన నివేదికల నకళ్ళు. 30 రోజుల్లో జవాబు రావాలి. వ్యాపార రహస్యమని 8వ సెక్షన్ చూపించి తిప్పి పంపొచ్చు, అప్పుడు అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు పెట్టుకోవాలి. దానికి కూడా 30 రోజులే గడువు, మర్చిపోవద్దు.

మూడో ప్రశ్న మాత్రం ఎవరూ వదలొద్దు. సలహాకి డబ్బు ఎన్ని రోజుల్లో పడిందో, పోయిన సీజన్లో మీ ధాన్యం డబ్బు ఎన్ని రోజులకి పడిందో, రెండూ పక్కపక్కన రాసి నాకు పంపండి. మీ పేరు లేకుండా ఈ పేజీలోనే పెడతాను.